కోనసీమ దూరప్రయాణాలు: రేవు నుంచి రహదారికి మారిన వాహనక్రమం

వ్యాససంగ్రహం:
గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమ నుంచి దూరప్రాంతాలకు వెళ్లేవారు ఒకే వాహనంలో గమ్యం చేరడం చాలాకాలం సాధ్యపడలేదు. ఎడ్లబండి, కాలువపడవ, బల్లకట్టు, పంటు, రైలు, బస్సు అనే వాహనాలు ఒకదాని తరువాత ఒకటి అందుకుంటేనే ప్రయాణం పూర్తయ్యేది. 19వ శతాబ్ది మధ్యభాగం నుంచి నేటివరకు ఈ క్రమం ఎలా మారిందో, ఆ మార్పు భాషలోనూ సాహిత్యంలోనూ ఎలా నిలిచిందో ఈ వ్యాసం వివరిస్తుంది. వంతెనలు వచ్చాక వాహనం మారవలసిన అవసరం తీరిపోలేదనీ, మారే స్థలం మాత్రమే రేవు నుంచి కూడలికి జరిగిందనీ, ఆ జరుగుబాటులో కొన్ని లంకగ్రామాలు వెనకబడిపోయాయనీ ప్రతిపాదించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: కోనసీమ, గోదావరి, రేవు, బల్లకట్టు, పంటు, లాకులు, కోటిపల్లి, పాలగుమ్మి పద్మరాజు, సాక్షి.

1. ఉపోద్ఘాతం:
“కాశికి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే” అని తెలుగువారి నానుడి. దూరప్రయాణం ఒకప్పుడు ఎంత అనిశ్చితమో ఈ ఒక్క మాట చెబుతుంది. 1830లో మద్రాసు నుంచి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి తిరిగి ఇల్లు చేరేసరికి ఏడాది దాటింది. ఆయన పరివారంతో, పల్లకీతో వెళ్లగలిగిన ఉద్యోగి. సామాన్యుడికి కాలినడక, కలిసివస్తే బండి, నది అడ్డం వస్తే పడవ. ఏ వాహనం ఎక్కాలన్నది ప్రయాణికుడి ఇష్టంకన్నా నేల, నీరు, ఋతువు మీదనే ఎక్కువగా ఆధారపడేది.

ఈ విషయం కోనసీమలో మరింత స్పష్టంగా కనబడుతుంది. తెలుగుదేశంలోని తక్కిన ప్రాంతాల్లో నది ప్రయాణానికి మధ్యలో ఎదురయ్యే అడ్డంకి. కోనసీమవాసికి అది ప్రయాణారంభంలోనే ఉంది. ఏ దిక్కుకు వెళ్లాలన్నా ముందు నీరు దాటాలి. అందువల్ల వాహనం మారడం ఇక్కడ ప్రయాణానికి తొలి నియమమైంది.

2. నేల స్వరూపం – ఊరిపేర్ల సాక్ష్యం:
ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి విడివడిన వైనతేయ అమలాపురం, రాజోలు ప్రాంతాలను వేరుచేస్తూ ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తుంది. కొత్తపేట, అమలాపురం, రాజోలు ప్రాంతాలన్నీ ఈ పాయల నడుమ ఉన్నవే. రాజోలు నుంచి కాకినాడకు నేరుగా వెళ్లాలంటే వైనతేయను, గౌతమిని రెండింటినీ దాటాలి.

ఈ స్థితిని ఊరిపేర్లే నమోదు చేశాయి. బొబ్బర్లంక, ఎదుర్లంక, బెండమూర్లంక, లంకల గన్నవరం వంటి పేర్లలో ‘లంక’ అంటే నీటి నడుమ మేటవేసిన నేల. ఓడలరేవులోని ‘రేవు’ పడవ ఆగే చోటు. ఐ. పోలవరం అనే మండలం పేరులోని ‘ఐ’ ద్వీపం అనే అర్థమిచ్చే ఆంగ్లపదానికి తొలి అక్షరం. పేర్లలోనే నీరు ఉన్న ఈ సీమలో నేలదారి, నీటిదారి రెండూ ఒకే ప్రయాణంలో భాగాలు.

3. కాలువ ప్రయాణం:
సర్ ఆర్థర్ కాటన్ రూపకల్పనలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఈ ఆనకట్టను సాగునీటి నిర్మాణంగానే ఎక్కువగా స్మరిస్తారు. కాని కాటన్ దృష్టిలో కాలువలు పొలాలకు నీరిచ్చేవే కాక సరుకులను, మనుషులను మోసే దారులు కూడా. మధ్యడెల్టా కాలువలు బొబ్బర్లంక వద్ద మొదలై కోనసీమ లోపలికి విస్తరించాయి. ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ కలిసి కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవదారి ఏర్పడింది.

సాగునీటి కాలువను పడవదారిగా వాడాలంటే ఒక చిక్కు ఉంది. నేల పల్లమైన చోట నీరు ఒక్కసారిగా దిగుతుంది. అక్కడ పడవ సాగదు. ఈ చిక్కుకు పరిష్కారం లాకు. లాకు అంటే రెండు జతల తలుపుల నడుమ గదిలా కట్టిన కాలువభాగం. ఎగువ నుంచి వచ్చిన పడవ ఆ గదిలో చేరగానే వెనక తలుపులు మూసి, లోపలి నీటిని మెల్లగా దిగువకు వదులుతారు. లోపలి మట్టం దిగువ కాలువ మట్టంతో సమానమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. ఎదురు ప్రయాణంలో ఇదే పని తిరగబడి జరుగుతుంది. ఆత్రేయపురం సమీపంలోని లొల్ల లాకులు ఈ వ్యవస్థకు నేటికీ కంటికి కనిపించే ఆనవాలు.

కాలువ నదికి అడ్డంగా పోవలసినచోట మరో నిర్మాణం అవసరమైంది. వైనతేయ మీదుగా రాజోలు వైపు నీరు తీసుకుపోవడానికి గన్నవరం వద్ద 1850వ దశకంలో అక్విడెక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. గోదావరి నీరు గోదావరి పాయనే దాటి రాజోలు సీమను తడిపింది.

కాలువపడవకు గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే తాడు. పడవకు కట్టిన తాడును భుజాన వేసుకొని మనుషులు గట్టు వెంట నడుస్తూ లాగేవారు. అందుకే కాలువగట్టు కాలిబాటగానూ పడవను నడిపే దారిగానూ ఉపయోగపడింది. వేగం నడకకు దగ్గరగానే ఉన్నా, బరువు విషయంలో బండికి అందని సామర్థ్యం పడవది. కొబ్బరి, ధాన్యం వంటి సరుకులకు అది అనువైన వాహనం.

ఋతువు కూడా వాహనాన్ని నిర్ణయించేది. వర్షాకాలంలో నల్లరేగడి బాటలు బురదయి బండిచక్రాలు దిగబడేవి. అప్పుడు కాలువలు నిండుగా ఉండేవి. వేసవిలో మరమ్మతుల కోసం ‘కాలువలు కట్టేసేవారు’. అప్పుడు పడవ ఆగేది, ఎండిన నేలమీద బండి నడిచేది. ఒకే ఊరి నుంచి ఒకే గమ్యానికి వెళ్లే మనిషి ఏడాదిలో ఒకసారి పడవ, మరొకసారి బండి ఎక్కవలసి వచ్చేదన్నమాట. వరద రోజుల్లో నది దాటడమే నిలిచిపోయేది.

4. రేవు – వాహనం మారే స్థలం:
రేవును పడవ ఆగే చోటుగా మాత్రమే చూస్తే దాని సామాజిక పాత్ర అర్థం కాదు. బండి దిగినవారు పడవ కోసం, పడవ దిగినవారు బండి కోసం వేచి ఉండే స్థలం అది. పడవ నిండేదాకా కదలదు. చీకటిపడితే దాటదు. గాలి రేగితే తీరం వదలదు. ఈ నిరీక్షణలోనే అన్నం, నీరు, నీడ, పరిచయం అవసరమయ్యేవి.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) సాగించిన అన్నదానాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. మండపేటలో పుట్టి, డొక్కా జోగన్న ఇల్లాలిగా గన్నవరం వచ్చిన ఆమె, వేళగాని వేళ వచ్చిన బాటసారులకు సైతం వండిపెట్టిన అన్నపూర్ణగా ప్రసిద్ధురాలు. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిన సీతమ్మ, దారిలో ఆకలిగొన్న ప్రయాణికులు ‘సీతమ్మగారి ఇల్లు చేరితే అన్నం దొరుకుతుంది’ అనుకోవడం విని వెంటనే వెనుదిరిగారని జనశ్రుతి. చారిత్రక నిర్ధారణ మాట అటుంచితే, ఆ కథ ఆనాటి ప్రయాణస్థితిని చెబుతుంది. పూటకూళ్లు దొరకని చోట, దాటవలసిన నది ముందున్నప్పుడు, ఒక గృహస్థురాలి వంటిల్లు ప్రయాణవ్యవస్థలో భాగమైంది. పాత గన్నవరం అక్విడెక్టు స్థానంలో వచ్చిన కొత్త నిర్మాణానికి ఆమె పేరు పెట్టడంలో ఈ స్మృతికి గుర్తింపు ఉంది.

5. రైలు – అంచున ఆగిన వాహనం:
19వ శతాబ్ది చివరి దశకంలో తూర్పుతీర రైలుమార్గం గోదావరి జిల్లాకు చేరింది. రాజమహేంద్రవరం వద్ద నిర్మించిన హేవలాక్ వంతెన 1900లో రాకపోకలకు సిద్ధమైంది. మద్రాసు, కలకత్తా నగరాల మధ్య రైలు గోదావరిని దాటగలిగింది. కాని ఆ మార్గం కోనసీమకు ఎగువ నుంచే సాగిపోయింది. అందువల్ల కోనసీమవాసికి రైలు వచ్చాక కూడా పడవ తప్పలేదు. అమలాపురం నుంచి మద్రాసుకో కాశికో వెళ్లదలచినవారు ఇంటి నుంచి కాలువరేవుకు బండిలో, అక్కడి నుంచి లాకులు దాటుతూ బొబ్బర్లంకకు పడవలో, ఆనకట్ట ఎగువన నది దాటి ధవళేశ్వరానికి, ఆపైన జట్కాలో రాజమహేంద్రవరం స్టేషనుకు చేరడానికి వీలున్న దారి ఇది. రైలు ఎక్కేలోగానే మూడు నాలుగు వాహనాలు మారినట్టు.

రైలును కోనసీమ ముంగిటికి తెచ్చిన ప్రయత్నం 1928లో జరిగింది. కాకినాడ నుంచి కోటిపల్లి వరకు రైలుమార్గం వేశారు. కోటిపల్లి గౌతమి గట్టున ఉన్న పుణ్యక్షేత్రం. ఎదుటి ఒడ్డున ముక్తేశ్వరం. రైలు దిగి, రేవు దాటితే కోనసీమ. అయితే రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, ఆ పట్టాలను యుద్ధావసరాల కోసం తొలగించారు. పన్నెండేళ్లపాటు రైలును అందుకున్న పడవకు మళ్లీ రైలు లేకుండాపోయింది. ఈ మార్గం తిరిగి పునరుద్ధరణ పొందింది 2004లో. సాధారణంగా వాహనపరిణామాన్ని పడవ, రైలు, బస్సు అనే వరుసక్రమంగా వర్ణిస్తారు. వచ్చిన వాహనం వెనక్కి పోవడం కూడా చరిత్రలో ఉందని కోటిపల్లి తెలుపుతుంది.

6. వంతెన – రహదారి:
స్వాతంత్ర్యానంతరం బస్సు, లారీ కాలువపడవ స్థానాన్ని క్రమంగా ఆక్రమించాయి. కాలువగట్లే చాలాచోట్ల రోడ్లయ్యాయి. పడవను లాగిన మనుషులు నడిచిన బాటమీదనే బస్సు నడిచింది. జొన్నాడ–రావులపాలెం మధ్య గౌతమిని, సిద్ధాంతం వద్ద వసిష్ఠను దాటే వంతెనలతో జాతీయరహదారి కోనసీమ పైఅంచును తాకింది. దానితో రావులపాలెం ప్రధానకూడలిగా ఎదిగింది. పల్లెల నుంచి వచ్చే బస్సులు, విజయవాడ, విశాఖపట్నం వైపు సాగే బస్సులు అక్కడ కలుస్తాయి. ఒకనాడు రేవు చేసిన పనిని నేడు ఈ కూడలి చేస్తోంది.

దిగువన మాత్రం నదులు ఇంకా చాలాకాలం అడ్డుగానే ఉన్నాయి. అమలాపురం నుంచి కాకినాడ వెళ్లేవారు ఎదుర్లంక వద్ద పంటు మీద గౌతమిని దాటి యానాం చేరాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన అందుబాటులోకి రావడంతో ఈ చుట్టుదారి తప్పింది. లోక్‌సభ సభాపతిగా ఉంటూ అదే ఏడాది మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. ఆయన స్వగ్రామం ఎదుర్లంకే. వైనతేయపై బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, వసిష్ఠపై దిండి–చించినాడ వంతెన కూడా రావడంతో, కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216వ నంబరు జాతీయరహదారి మీద కోనసీమను అడ్డంగా దాటిపోవడం సాధ్యమైంది.

రైలు విషయంలో నిరీక్షణ ఇంకా ముగియలేదు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి రైలుమార్గం బాలయోగి కాలంలోనే మంజూరైంది. మూడు పాయలమీదా వంతెనలు కట్టవలసిన ఈ పథకం రెండు దశాబ్దాలు దాటినా పూర్తికాలేదు. అమలాపురంవాసి దూరప్రయాణానికి రాజమహేంద్రవరమో, కాకినాడో, పాలకొల్లో వెళ్లి రైలెక్కుతున్నాడు, లేదా రాత్రి బస్సులో హైదరాబాదు చేరుతున్నాడు. దూరాలు తగ్గాయి. వాహనం మారే అవసరం మిగిలే ఉంది.

7. భాషలో, సాహిత్యంలో వాహనం మార్పు:
“ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి” అనే సామెతను సిరిసంపదల తారుమారుకు వాడతారు. ఓడను బండిమీదకెక్కించి తీసుకుపోవడం, బండిని ఓడమీదకెక్కించి దాటించడం అనే రెండు దృశ్యాలు దీని వెనక ఉన్నాయి. రెండు పడవలను జతచేసి పైన బల్లలు పరచిన బల్లకట్టు మీద ఎడ్లతో సహా బండి గోదావరిని దాటే సీమలో ఇది అలంకారంకన్నా ముందు నిత్యదృశ్యం. మోసే వాహనం, మోయబడే వాహనం అనే భేదం రేవులో తారుమారవుతుంది.

“ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య” అనేది మరో సామెత. వాహనం మారగానే వెనకటి వాహనం నడిపినవాడిని మరచిపోయే మనిషి గుణాన్ని ఇది ఎత్తిచూపుతుంది. అవసరం ఉన్నంతసేపే గౌరవం. పడవవాడి సామాజికస్థితి ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉంది.

పదజాలం కూడా గమనించదగినది. రేవు, పడవ, ఓడ, దోనె, బల్లకట్టు, గెడ దేశ్యపదాలు. లాకు, లాంచీ, పంటు ఆంగ్లపదాల నుంచి తెలుగు ఉచ్చారణలోకి ఒదిగినవి. సరంగు పారసీమూలం కలది. యంత్రంతో, ప్రభుత్వనిర్మాణంతో వచ్చిన వాటికి అన్యదేశ్యాలు, చేతితో నడిచేవాటికి దేశ్యాలు అన్న విభజన ఇందులో కనిపిస్తుంది. ‘డైరెక్టు బస్సు’ అనే వ్యవహారం మరో సూచిక. దారిలో దిగి ఎక్కడం మామూలుగా ఉన్న ప్రాంతంలోనే, దిగనక్కర్లేని వాహనానికి ప్రత్యేకమైన పేరు అవసరమవుతుంది.

కథాసాహిత్యంలో గోదావరి సీమకు చెందిన పాలగుమ్మి పద్మరాజు రెండు వాహనాలనూ రెండు కథలకు వేదిక చేసుకున్నారు. ‘పడవ ప్రయాణం’ కథలో రాత్రివేళ కాలువపై సాగే పడవలో రంగి అనే స్త్రీ, పద్దాలుతో తన బతుకును కథకునికి చెప్పుకుంటుంది. పడవ మెల్లదనం ఆ కథనానికి అవకాశమిచ్చింది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ‘గాలివాన’లో రావుగారు రైలుపెట్టెలో ఒక బిచ్చగత్తెను ఈసడించుకుంటారు. రైలు దిగి, తుఫానులో చిక్కుకున్న రాత్రి ఆమె చెంతనే ధైర్యం పొందుతారు. రైలు సాగినంతసేపు నిలిచిన అంతరం, రైలు విడిచిన స్టేషనులో కూలిపోతుంది. రెండు కథల్లోనూ ప్రయాణం అపరిచితులను పక్కపక్కన కూర్చోబెట్టింది. పడవలో ఆ సామీప్యం మాటగా మారితే, రైలు కథలో వాహనం ఆగిపోయాకే మనిషి మనిషికి దగ్గరయ్యాడు.

సినిమాలో పడవవాడే నాయకుడయ్యాడు. ‘మూగమనసులు’ (1964)లో గోపి జమీందారు బిడ్డను రోజూ ఏరు దాటించి చదువుకు పంపుతాడు. ఆమెకు దారి చూపిన పడవ అతని అంతస్తును మాత్రం మార్చలేదు. బాపు దర్శకత్వంలో, ముళ్లపూడి వెంకటరమణ రచనతో వచ్చిన ‘సాక్షి’ (1967) పులిదిండి గ్రామంలో చిత్రీకరణ జరుపుకుంది. ఊరందరినీ రేవు దాటించే అమాయకుడు హత్యకు సాక్ష్యం చెబుతాడు. హంతకుడు అతనిమీద పగబట్టినప్పుడు ఊరు భయంతో తలుపులు మూసుకుంటుంది. ఓడమల్లయ్య బోడిమల్లయ్య కావడాన్ని ఇంతకన్నా తీవ్రంగా చూపడం కష్టం.

8. వంతెన అందని ఊళ్లు:
పడవ కాలం పూర్తిగా ముగిసిందని చెప్పడానికి వీల్లేదు. వంతెనకు దూరంగా ఉన్న లంకల్లో చదువుకు, వైద్యానికి, కూలిపనికి నేటికీ పడవే ఆధారం. వంతెన ఉన్నచోట పడవ ఒక జ్ఞాపకం, లేనిచోట అది గత్యంతరంలేని వాహనం. ప్రధానమార్గం రోడ్డు మీదకు వెళ్లిపోయాక, మిగిలిన రేవులమీద శ్రద్ధ తగ్గితే ఆ ప్రయాణం మునుపటికన్నా ప్రమాదకరమవుతుంది.

2018 జూలైలో ఐ. పోలవరం మండలం పశువుల్లంక వద్ద జరిగిన దుర్ఘటన దీనికి విషాదనిదర్శనం. బడి నుంచి ఇళ్లకు తిరిగి వెళ్తున్న పిల్లలు ఉన్న పడవ, నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని ఢీకొని బోల్తాపడింది. విద్యార్థినులు గౌతమిలో గల్లంతయ్యారు. పడవను అనవసరం చేయడానికి మొదలుపెట్టిన కట్టడమే, పూర్తికాని దశలో పడవకు అడ్డమైంది. ఒక వాహనం నుంచి మరో వాహనానికి సమాజం మారే మధ్యకాలం ఎంత ప్రమాదభరితమో ఈ ఘటన చెబుతుంది. కొత్తదారి పూర్తయ్యేదాకా పాతదారిని భద్రంగా నడపడం కూడా దారి వేసేవారి బాధ్యతే.

9. ముగింపు:
పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

• కోనసీమలో దూరప్రయాణపు వాహనాన్ని నదీస్వరూపం, కాలువల వ్యవస్థ, ఋతువు కలిసి నిర్ణయించాయి. ఒకే దారిలో ఋతువును బట్టి బండి, పడవ మారి మారి నడిచాయి.

• వాహనపరిణామం సూటిరేఖలో సాగలేదు. 1928లో వచ్చిన కోటిపల్లి రైలు 1940లో పోయి 2004లో తిరిగిరావడం దీనికి నిదర్శనం.

• వంతెనలు వాహనం మారే స్థలాన్ని రేవు నుంచి రావులపాలెం వంటి కూడళ్లకు, పరిసర రైల్వేస్టేషన్లకు జరిపాయి. రేవును ఆశ్రయించిన పడవవారి జీవిక, అక్కడి నిరీక్షణ సంస్కృతి దీనితో క్షీణించాయి.

• సామెతలు, కథలు, చలనచిత్రాలు ఈ మార్పును దాటించినవాడి వైపు నుంచి, తోటి ప్రయాణికుడి వైపు నుంచి నమోదు చేశాయి. రవాణాచరిత్రకు ఇవి అనుబంధ ఆధారాలు.

• వంతెన అందని లంకగ్రామాల్లో రేవు నేటి అవసరం. వంతెన ప్రారంభమయ్యే రోజువరకు పడవలో సరిపడా రక్షణ సామగ్రి, పరిమితమైన బరువు, నదిలోని కట్టడాల వద్ద హెచ్చరికలు ఉండవలసిందే. ఏరు ఇంకా దాటనివారి కోసం ఓడమల్లయ్యను నిలబెట్టుకోవాలి.